మద్దెల నిజంగానే ఓడైతే?

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు" అనే సామెత వింటే నాకు ఈమధ్య ఒళ్ళు మండుతోంది. సామెతతో నాకు గొడవ లేదు, దాన్ని విసిరేవాళ్ళతోనే పేచీ. వాయిద్యం నేర్చుకునేవాడు "సార్, ఇది సరిగ్గా పలకట్లేదండీ" అన్నాడంటే చాలు, తలెత్తి ఆ వాయిద్యం వంక చూడకుండానే సామెత వచ్చి పడుతుంది. దానికి జతగా ఇంకో మాట కూడా ఉంది, "నీకు శృతి జ్ఞానం లేదు" అని. ఇది మొదటిదానికంటే ప్రమాదం. పెద్దవాళ్ళు ఒకసారి ఆ తీర్పు ఇచ్చేశాక ఆ మనిషి స్నానాల గదిలో కూడా కూనిరాగం తీయడు.

ఈ టపా సాక్సోఫోన్ గురించి. సంగీతం రానివాళ్ళు కూడా నిరభ్యంతరంగా చదవచ్చు, ఎందుకంటే ఇందులో సంగీతం కంటే డీబగ్గింగే ఎక్కువ :-)

మా టీమ్‌లో నాకంటే ఆరేళ్ళు సీనియర్ ఒకాయన ఉన్నారు. అందర్నీ పేరు పెట్టి పిలవాలని కంపెనీ వాళ్ళు చెప్తారు గానీ నేను ఆయన్ని అన్నా అనే పిలుస్తాను. అశోక్ నగర్‌లో మూడో అంతస్తులో కాపురం. ఈయన సెకండ్ హ్యాండ్‌లో ఒక ఆల్టో సాక్సోఫోన్ కొని, ఒక మాస్టారి దగ్గర చేరారు. రిలీజులు, ప్రొడక్షన్ కాల్స్ అన్నీ తట్టుకుని ఎనిమిది నెలలు క్లాసు ఎగ్గొట్టకుండా వెళ్ళారు. కింది స్వరాలు పలకవు. పై స్వరాలు కీచుమంటాయి. మధ్యలో పలికేవేమో శృతిపెట్టె కంటే ఎప్పుడూ ఓ వెంట్రుక కిందే. తొమ్మిదో నెలలో మాస్టారు "ఏదో ఉద్యోగం ఉంది కదండీ, దీని జోలికి ఎందుకు, మీకు చెవి లేదు" అని మర్యాదగానే చెప్పేశారట. అన్న వాయిద్యం ఫొటోలు తీసి అమ్మకానికి పెట్టేశారు. "ఎవరైనా కొనేవాళ్ళుంటే చెప్పు" అని నాకూ పంపారు.

నేనూ అదే వాయిద్యం నాలుగేళ్ళుగా వాయిస్తున్నా కాబట్టి ఒక్కటే అడిగాను. "అన్నా, రీడు ఎప్పుడు మార్చారు?"

"రీడు మార్చాలా?"

పాత యజమాని దగ్గర్నుంచి వాయిద్యంతో పాటు వచ్చిన రీడది. ఎనిమిది నెలలు అదే. అది అంతకు ముందు ఎన్నాళ్ళు ఎవరి నోట్లో నానిందో ఆ భగవంతుడికే తెలియాలి. వారానికి రెండు క్లాసులు తీసుకున్న గురువుగారు ఒక్కసారి కూడా ఆ మౌత్‌పీసు విప్పించి చూడలేదు. సర్వర్ ప్లగ్గు ఊడిపోయి ఉందో లేదో చూడకుండా డెవలపర్‌కి కోడింగ్ రాదని అప్రైజల్‌లో రాసేసినట్టు లేదూ?

ఆ శనివారం అన్నని చిక్కడపల్లి తీసుకెళ్ళాను. అక్కడ పెళ్ళి బ్యాండులో సాక్సోఫోన్ వాయించే ఒక పెద్దాయన నాకు తెలుసు. ఆయన వాయిద్యం ముట్టుకోకుండా ముందు రీడు ఊడదీసి, గుమ్మం దగ్గర వెలుతురుకి అడ్డంగా పెట్టి చూశారు. "ఇది రీడు గాదు తమ్మీ, ఐస్‌క్రీం పుల్ల" అన్నారు. తర్వాత మౌత్‌పీసుని అడుగు నుంచి చూసి, చివర గోటితో తడిమి, "ఇది గూడ సక్కగ లేదు, అంచు దెబ్బతిన్నది, ఎన్నడో కింద పడ్డట్టుంది" అన్నారు. తన మౌత్‌పీసు కడిగి, కొత్త రీడు బిగించి, అన్న వాయిద్యానికే తొడిగి చేతికిచ్చారు. అన్న ఊదారు. స్వరం వచ్చింది. గొప్పగా వచ్చిందని చెప్పను గానీ శృతిలో వచ్చింది. అన్న మొహం చూడాల్సింది. ఎనిమిది నెలలుగా తన చెవిని తిట్టుకున్న మనిషి మరి.

ఇప్పుడు లోపల జరిగేదేంటో కాస్త వివరంగా రాస్తాను. ఇంజనీరింగ్ చదివి ఫిజిక్స్ మర్చిపోయినవాళ్ళకి పనికొస్తుంది.

సాక్సోఫోన్ ఒళ్ళంతా ఇత్తడే అయినా జాతి రీత్యా అది సన్నాయి, క్లారినెట్ల చుట్టం. బెల్జియంలో పుట్టిన అడాల్ఫ్ సాక్స్ 1846లో పారిస్‌లో దీనికి పేటెంట్ తీసుకున్నాడు. శబ్దం పుట్టేది ఆ ఇత్తడిలో కాదు, మౌత్‌పీసుకి బిగించిన ఒక గడ్డిముక్కలో. నిజంగా గడ్డే. అరుండో డోనాక్స్ అని, వెదురులా కణుపులతో పెరుగుతుంది. దక్షిణ ఫ్రాన్స్‌లోని వార్ ప్రాంతంలో పండేదానికి పేరెక్కువ. దాన్ని చీల్చి, చెక్కి, కొసని కాగితమంత పల్చన చేస్తే అదే రీడు. మన ఊపిరికి అది సెకనుకి వందలసార్లు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది. ఇత్తడి గొట్టం చేసే పనల్లా ఆ కొట్టుకోవడం ఏ వేగంతో జరగాలో నిర్ణయించడం. గొట్టం పొడుగు మారితే వేగం మారుతుంది, స్వరం మారుతుంది.

గడ్డి కాబట్టి దానికి ఆయుష్షు ఉంటుంది. ఉమ్ముకి నానుతుంది, ఏసీకి ఎండుతుంది, పీచు బలం తగ్గుతుంది. రోజూ వాయించేవాళ్ళకి ఒక రీడు మహా అయితే కొన్ని వారాలు. మన హైదరాబాదులో ఏప్రిల్, మే నెలల పొడిగాలికి కొస అప్పడంలా అలలు తిరుగుతుంది. అలాంటి రీడు మౌత్‌పీసు మీద సరిగ్గా ఆనదు, గాలి పక్కనుంచి పోతుంది, కింది స్వరాలు పలకవు. అన్న లక్షణాలన్నీ ఇవే. బాగా నలిగిన రీడు మెత్తబడి శృతి కిందికి జారుతుంది, పై స్వరాలు గొంతు పట్టేసినట్టవుతాయి. మరీ గట్టి రీడైతే స్వరం కంటే గాలి చప్పుడు ఎక్కువ వస్తుంది, పెదవి బిగించీ బిగించీ శృతి పైకి పోతుంది. ఈ రెండిట్లో దేనికీ చెవితో సంబంధం లేదు.

రీడు మీద 2, 2½, 3 అని అంకెలుంటాయి. అది గట్టిదనం కొలత మాత్రమే, నాణ్యత కొలత కాదు. 3 వాడేవాడు 2 వాడేవాడికంటే మొనగాడు అనే అపోహ మనవాళ్ళలో బాగా ఉంది, ఏ ప్రాసెసర్ అని అడిగినట్టు ఏ నంబరు అని అడుగుతారు. పైగా ఒక కంపెనీ 2½ ఇంకో కంపెనీ 3 అంత గట్టిగా ఉండొచ్చు, కాబట్టి కంపెనీ మారినప్పుడు అంకెని నమ్మకండి. ఒకే డబ్బాలో ఉన్న 10 రీడ్లు కూడా ఒక్కలా ఉండవు. చెట్టు మీద మామిడికాయలన్నీ ఒకే రుచిగా ఉంటాయా? మూడు నాలుగు రీడ్లు ఒకేసారి మొదలుపెట్టి రోజుకొకటి చొప్పున మార్చుకుంటూ వాడితే అన్నీ ఎక్కువ రోజులొస్తాయి. వాయించాక కడిగి, తుడిచి, చదునుగా ఉండే డబ్బాలో పెట్టాలి. మౌత్‌పీసుకే వదిలేసి పెట్టె మూసేస్తే రెండోరోజు దాని వాసన గురించి నేను రాయను :(

ప్లాస్టిక్ రీడ్లు కూడా ఉన్నాయి. కెనడా వాళ్ళ లెజేర్ కంపెనీవి ఇప్పుడు చాలామంది మంచి వాద్యకారులే వాడుతున్నారు. తడపక్కర్లేదు, మే నెలకి వంకర పోదు. ఒక్కటి కొనే డబ్బుతో గడ్డి రీడ్లు చాలా వస్తాయన్నది నిజమే. కానీ వారానికి రెండుసార్లు మాత్రమే పెట్టె తెరిచే మనలాంటివాళ్ళకి అదే నయం అని నా అభిప్రాయం. గడ్డిరీడు గొంతులో ఉండే ఆ మెత్తని గర ఇందులో రాదని వాదించేవాళ్ళున్నారు. వాళ్ళతో నేను వాదించను, వాళ్ళు చెప్పేది కొంత నిజమే కాబట్టి.

ఇక మౌత్‌పీసు. దీని గురించి మనవాళ్ళు మాట్లాడేది మెటల్‌దా రబ్బరుదా అన్నదొక్కటే. ముడిపదార్థం కంటే లోపలి ఆకారమే శబ్దాన్ని ఎక్కువ శాసిస్తుంది. రీడు కొసకీ మౌత్‌పీసు కొసకీ మధ్య ఉండే సందు మొదటి సంగతి. యమహా 4సి అని నేర్చుకునేవాళ్ళకిచ్చేదాంట్లో ఆల్టోకి అది 1.7 మిల్లీమీటర్లు. సందు పెద్దదైతే రీడు ఎక్కువ దూరం కొట్టుకోవాలి, కాబట్టి రీడు మెత్తగా ఉండాలి. సందు చిన్నదైతే కాస్త గట్టి రీడు పడుతుంది. వీటిని జంటగానే చూడాలి, విడివిడిగా సలహా ఇచ్చేవాళ్ళని నమ్మొద్దు. లోపలి పైకప్పు ఎత్తుగా, దారి ఇరుకుగా ఉంటే గొంతు పదునుగా, బరాత్‌లో డ్రమ్ములని దాటుకుని వినపడేలా వస్తుంది. గది విశాలంగా ఉంటే గుండ్రంగా వస్తుంది. రీడు ఆనే బల్ల చదునుగా ఉందా, రెండు పక్కలా పట్టాలు సమానంగా ఉన్నాయా అన్నది వీటన్నిటికంటే ముఖ్యం. దాన్ని చూడ్డానికి చిక్కడపల్లి పెద్దాయన చేసిన పరీక్ష మీరూ చేసుకోవచ్చు. తడిపిన రీడు బిగించిన మౌత్‌పీసు వెనక కన్నాన్ని అరచేత్తో మూసి, ముందునుంచి గాలి పీల్చి, నోట్లోంచి తీసేయండి. రీడు ఒకటి రెండు క్షణాలు అతుక్కుని ఉండి తర్వాత టప్‌మని విడితే సంగతి బాగున్నట్టు. అసలు అతుక్కోకపోతే ఎక్కడో గాలి పోతోంది. రీడు మార్చి చూడండి, అప్పటికీ అంతే అయితే నేరం మౌత్‌పీసుది. పైసా ఖర్చు లేని యూనిట్ టెస్టు. ఎనిమిది నెలల్లో ఇది ఒక్కసారి చేసి ఉంటే సరిపోయేది.

రీడు పెట్టే చోటు కూడా చెప్పాలి. రీడు కొస పైనుంచి మౌత్‌పీసు నల్లటి అంచు వెంట్రుకంత కనపడేలా పెడితే చాలావాటికి సరిపోతుంది. అక్కణ్ణుంచి వెంట్రుకవాసి పైకి జరిపితే గట్టిపడుతుంది, కిందికి జరిపితే మెత్తబడుతుంది. ఇంత సున్నితమా అనేవాళ్ళు తంబురా చూడండి. మెట్టు మీద తీగ కింద చిన్న నూలుపోగు పెట్టి, దాన్ని అటూ ఇటూ జరుపుతూ ఎక్కడ తీగ ఝుమ్మంటుందో అక్కడ ఆపుతారు. దానికి మనవాళ్ళు పెట్టిన పేరు జీవ. పోగు ఒక నూలువాసి పక్కకి పోతే తంబురాకి జీవం లేదన్నారే గానీ పాడేవాడికి చెవి లేదనలేదు.

అసలు నాకు అర్థంకానిది ఇదే. మన సంప్రదాయంలో వాయిద్యాన్ని సరిచేసుకోవడం ఎప్పుడూ సాకు కాదు. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో ఏ కచేరీకైనా పది నిమిషాలు ముందు వెళ్ళి కూర్చోండి. మృదంగం ఆయన రాయీ సుత్తీ పట్టుకుని చుట్టూ తిప్పి తిప్పి కొడుతూనే ఉంటాడు. మధ్యలో ఏసీ గాలికి దిగితే పాట ఆపి మరీ కొడతాడు. ఎవరైనా "ఆడలేక మద్దెల ఓడు" అంటారా? అది మద్దెల సామెతే అయినా మద్దెలవాడిని అనరు :-) ఏ పెళ్ళిలోనైనా సన్నాయి మేళం వాళ్ళని గమనించండి. వాయిద్యానికి దారంతో నాలుగైదు పీకలు గుత్తిలా వేలాడుతుంటాయి, పక్కనే వాటిని సవరించుకోడానికి ఒక సన్నటి పుల్ల. చిన్నప్పుడు అది అలంకారం అనుకునేవాళ్ళం. అవి స్పేర్ పార్టులు! పీక పలకకపోతే ఆ గుత్తిలోంచి ఇంకోటి తీసి పెట్టుకుంటాడు, అర నిమిషం పని. నాదస్వరంలో షేక్ చినమౌలానా అంతటి విద్వాంసుణ్ణి ఇచ్చిన నేల మనది. పీక మార్చుకోవడం తెలిసిన జాతికి రీడు మార్చుకోమని చెప్పాల్సి రావడమేంటి?

నాకు తోచిన కారణం ఒకటుంది. సన్నాయి, మృదంగం గురువు పక్కన కూర్చుని నేర్చుకునేవి, పీక చెక్కడం కూడా పాఠంలో భాగమే. సాక్సోఫోన్ మనకి పెట్టెలో వచ్చింది. పెట్టెలో వచ్చిందంటే ఫ్యాక్టరీలోనే అన్నీ సరిచూసి పంపారని మన నమ్మకం. దాన్ని నిజంగా చేత్తో విప్పి బిగించి నలభై ఏళ్ళు ఎండలో వానలో వాయించినవాళ్ళు బ్యాండువాళ్ళు. వాళ్ళని మనం అడగం. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ మీదుగా బరాత్ వెళ్తుంటే ట్రాఫిక్ ఆగిందని హారన్ కొడతాం, లేదా అందులోకి దిగి ఎగురుతాం. యూనిఫాం వేసుకుని రేకు బూరా ఊదేవాడికి శృతి గురించి తెలుస్తుందని మన బుర్రకి తట్టదు. క్లాసులో నోట్స్ చూసి చెప్పేవారు మాస్టారు, రోడ్డు మీద వాయించేవాడు వీడు. నిజం చెప్పాలంటే శృతి చేసుకోవడంలో వాళ్ళకున్నంత కష్టం కచేరీ హాల్లో ఎవరికీ లేదు.

ఎందుకంటే ఎండ. గాలి వేడెక్కితే ధ్వని వేగం పెరుగుతుంది, డిగ్రీకి సెకనుకి సుమారు 0.6 మీటర్ల చొప్పున. లెక్క కడితే డిగ్రీకి దాదాపు 3 సెంట్లు శృతి పైకి పోతుంది. (పక్కపక్కనున్న రెండు స్వరస్థానాల మధ్య దూరం 100 సెంట్లు.) 20 డిగ్రీల ఏసీ హాలు నుంచి మే నెల 40 డిగ్రీల రోడ్డు మీదకి వస్తే కాగితం మీద 57 సెంట్లు, అంటే అర స్వరం పైమాటే. గొట్టంలో మన ఊపిరి వెచ్చదనం ఎలాగూ ఉంటుంది కాబట్టి నిజంగా అంత మారదు, కానీ చెవికి తగిలేంత మారుతుంది. బండి మీద ఉన్న కీబోర్డు మాత్రం ఎండకీ వానకీ 440 దగ్గరే కూర్చుంటుంది. దాని పక్కన క్లారినెట్లు, సాక్సోఫోన్లు, ట్రంపెట్లు ఒక్కొక్కటీ ఒక్కో వేగంతో వేడెక్కుతుంటాయి. చిక్కడపల్లి పెద్దాయన దీన్ని సెంట్లలో చెప్పలేరు. "ఎండల గుంజాలె, రాత్రి దొబ్బాలె" అని ఒక్క ముక్కలో చెప్పారు. అంటే ఎండలో మౌత్‌పీసు బయటికి లాగాలి, రాత్రి చల్లబడ్డాక లోపలికి తొయ్యాలి. నాకు ఫిజిక్స్ లెక్చరర్ రెసొనెన్స్ గురించి రెండు సెమిస్టర్లు చెప్పింది ఇంత బాగా అర్థం కాలేదు.

ఆ లాగడం తొయ్యడంలోనూ ఒక మెలిక ఉంది. లోపలికి తోస్తే గొట్టం పొడుగు తగ్గి శృతి పెరుగుతుంది, అందరికీ తెలిసిందే. కానీ అన్ని స్వరాలూ సమానంగా పెరగవు. అన్ని మూతలూ మూసి వాయించే అట్టడుగు బీ ఫ్లాట్‌కి ఆల్టోలో పనిచేసే గొట్టం పొడుగు సుమారు 124 సెంటీమీటర్లు. అక్కడ ఒక మిల్లీమీటరు అంటే సెంటున్నర లోపే. ఒక్క వేలితో వాయించే మధ్య బి దగ్గర పొడుగు 58 సెంటీమీటర్లే, కాబట్టి అదే మిల్లీమీటరు అక్కడ 3 సెంట్లు. ఇంకా పైన అరచేతి పక్క మూతలతో వాయించే స్వరాలకి 4 సెంట్లు. అంటే ఒక్క స్వరాన్ని ట్యూనర్‌లో పచ్చలైటు వచ్చేదాకా తోసి "ట్యూనింగ్ అయిపోయింది" అనుకుంటే మిగతావి చెల్లాచెదురు అయ్యుండొచ్చు. గిటారుకి అలవాటు పడ్డవాళ్ళు దీన్ని ఒప్పుకోరు. కనీసం ఒక స్వరం, దాని పై స్థాయి, మధ్యలో ఇంకోటి చూసుకోవాలి. ఓ ఐదు నిమిషాలు వాయించి వాయిద్యం వెచ్చబడ్డాకే చూసుకోవాలి. సరిపోయిన చోట బిరడా మీద పెన్సిల్‌తో గీత పెట్టుకోండి, రేపు అక్కణ్ణుంచి మొదలుపెట్టొచ్చు. ఇంత చేసినా మధ్య డి కాస్త పైకీ, అన్ని వేళ్ళూ తీసేసిన సి షార్ప్ కాస్త కిందికీ పోతాయి. అది ఈ వాయిద్యం పుట్టుకతో తెచ్చుకున్న బగ్గు, పెదవితో సర్దుకోవాల్సిందే. అసలు చెవి పని మొదలయ్యేది ఇక్కణ్ణుంచి. ముందున్న పనులు చేయకుండా ఇక్కడ చెవిని పరీక్షించడం అన్యాయం అంటాను.

శృతిపెట్టెతో వాయించేవాళ్ళకి ఇంకో తికమక. ఆల్టోలో మనం సి అని వాయిస్తే బయటికి వినపడేది ఈ ఫ్లాట్, మన భాషలో రెండున్నర శృతి. టెనార్‌లో అదే సి వాయిస్తే వచ్చేది బీ ఫ్లాట్, ఆరున్నర. సాధారణ ట్యూనర్ యాప్ పెట్టుకుని "నేను సి వాయిస్తుంటే వేరే ఏదో చూపిస్తోంది, నా వాయిద్యం పాడైంది" అని బెంబేలెత్తినవాళ్ళని చూశాను. శృతిపెట్టెని రెండున్నరకి పెట్టుకుని ఆల్టో సి ని షడ్జమం అనుకుంటే మొదట్లో వేళ్ళకి హాయి. ఆ రోజు తెలిసింది, అన్న శృతిపెట్టె ఎనిమిది నెలలూ రెండు శృతిలో ఉంది. షడ్జమం ఎక్కడ పట్టుకోవాలో ఎవరూ చెప్పలేదు, సి నే షడ్జమం అనుకుని దాన్ని అందుకోడానికి పెదవి వదులు చేసి చేసి వాయించారు పాపం. వినడానికి ఘోరంగా ఉండేదట. ఉండదా మరి!

ట్యూనర్ చూడకుండా చేసే పరీక్ష ఒకటి రాసి ముందుకెళ్తాను. ఆల్టో మౌత్‌పీసు ఒక్కటే చేత్తో పట్టుకుని ఊదితే 880 హెర్ట్జ్ ఏ దగ్గర రావాలని పాశ్చాత్య శాస్త్రీయ పద్ధతిలో నేర్పేవాళ్ళు చెప్తారు. దానికంటే బాగా పైకి పోతుంటే మీరు కొరికేస్తున్నట్టు, బాగా కిందికి ఉంటే పెదవి మరీ వదులైనట్టు. ఇంట్లో వాళ్ళు పిల్లి అరిచిందనుకుంటారు, పర్లేదు.

"మరి ఇన్ని హంగులుంటే గానీ వాయించలేవా, కద్రి గోపాల్‌నాథ్ గారు వాయించలేదా" అని ఒక వాదన వస్తుంది. ఆయన్నే తీసుకుందాం. తండ్రి నాదస్వరం వాయించేవారు. మైసూరు ప్యాలెస్ బ్యాండులో సాక్సోఫోన్ విని దీని వెంట పడ్డారు. 1980లో బొంబాయి జాజ్ ఉత్సవంలో జాన్ హ్యాండీ ఆయనతో కలిసి వాయించాడు. 1994లో డ్యూయెట్ సినిమాతో మనందరి ఇళ్ళకీ వచ్చారు, 2019 అక్టోబరులో పోయారు. మూతలున్న వాయిద్యం మీద గమకం అంటే మాటలు కాదు. వేణువులాగా కన్నాన్ని సగం మూయడం కుదరదు, మూత వేస్తే పడుతుంది, తీస్తే లేస్తుంది. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారాల్సింది ఎక్కువగా పెదవి మీద, గొంతు మీద, అంటే రీడు మీద. రీడూ మౌత్‌పీసూ ఆ వంపుకి ఒప్పుకోకపోతే తోడి రాగం ఎవడి తరమూ కాదు. ఆయన వాయిద్యాన్ని ఉన్నదున్నట్టు వాడలేదు, తనకి కావాల్సినట్టు మార్చుకున్నారు. మన పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్ కూడా అంతే, జంట తీగల మాండలిన్‌ని ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్‌గా చేసుకున్నారు. మేధావులు మద్దెలని బాగుచేసుకున్నాకే ఆడారు. వాళ్ళ పేరు చెప్పి మామూలు మనిషిని పగిలిన మద్దెలతో ఆడమనడం ఏం న్యాయం?

ఇంత రాశాక రెండోవైపు వాళ్ళకీ ఒక మాట అనాలి, లేకపోతే మన ఐటీ జనం దీన్ని షాపింగ్ లిస్టు కింద చదువుతారు. మనకో జబ్బుంది. అప్రైజల్ డబ్బులు రాగానే పరుగెత్తడానికి బూట్లు కొంటాం, పరుగెత్తం. ఇక్కడా అంతే. రెండో నెలలోనే "జాజ్ గొంతు రావాలి" అని పెద్ద సందున్న మెటల్ మౌత్‌పీసు తెప్పించుకున్నవాళ్ళు నాకు ముగ్గురు తెలుసు. అది ఏళ్ళ తరబడి పెదవి గట్టిపడ్డవాళ్ళు వాయించేది. మొదటిరోజు హైవే ఎక్కినట్టు ఉంటుంది, రెండోరోజు ఏ స్వరమూ నిలబడదు. నా లెక్క సింపుల్. అంచులు దెబ్బతినని మామూలు 4సి లాంటిది ఒకటి, 2 లేదా 2½ రీడ్లు ఒక డబ్బా. సెల్మర్ సి స్టార్ దొరికితే ఇంకా మంచిదే, సందు ఇంచుమించు అంతే. ఆ తర్వాత రెండేళ్ళు మౌత్‌పీసుల వీడియోలు చూడ్డం బంద్. రీడ్లు మాత్రం కొంటూనే ఉండాలి, పెట్రోలు లాంటిది.

అశోక్ నగర్‌లో ఉండేవాళ్ళకి ఇది ఇంకా అవసరం. ఆ పేట సంగతి తెలుసుగా, ప్రతి మేడ మీదా హాస్టలే, ప్రతి గదిలోనూ గ్రూప్స్‌కి చదివే పిల్లలే. గదిలో చోటు లేనివాళ్ళు సిటీ సెంట్రల్ లైబ్రరీలో పొద్దున్నే కుర్చీ పట్టుకుంటారు. నోటిఫికేషన్ కోసం ఏళ్ళు ధారపోస్తున్నవాళ్ళ నెత్తిన మనం సాక్సోఫోన్ ఊదడం పాపం. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్, రాత్రి పది దాటాక 45. సాక్సోఫోన్ మెల్లగా ఊదినా 55 దగ్గర ఆగదు. గంట భాగంలో గుడ్డలు కుక్కితే తగ్గుతుందా అంటే తగ్గదు, శబ్దం తెరిచిన ప్రతి కన్నంలోంచీ వస్తుంది. అన్న కింది ఫ్లాటువాళ్ళతో మాట్లాడుకుంటే దొరికింది ఆదివారం మధ్యాహ్నం నలభై నిమిషాలు, కిటికీలు మూసుకుని. వారానికి నలభై నిమిషాలున్న మనిషి అందులో ముప్ఫై నిమిషాలు చచ్చిన రీడుతో కుస్తీ పడితే ఇక నేర్చుకునేదెప్పుడు? ఆ కుస్తీని చూసి చెవి లేదని చెప్పేస్తే ఎలా?

అన్న ఇప్పుడు మాస్టారి దగ్గరికి వెళ్ళట్లేదు. మౌత్‌పీసు కొత్తది కొన్నారు. శనివారాలు చిక్కడపల్లి పెద్దాయనకి ముహూర్తాలు లేనప్పుడు వెళ్తున్నారు. మూఢంలో రెండు నెలలు బాగా సాగింది, మళ్ళీ పెళ్ళిళ్ళు మొదలయ్యాక ఆయన దొరకడం లేదు. ఆయన ఫీజు తీసుకోనంటే అన్న ఆయనకో డబ్బా రీడ్లు ఇచ్చారు. పెద్దాయన అందులో నాలుగు వెలుతురుకి పెట్టి చూసి "ఇవి అచ్చలేదు, వాపస్ చెయ్" అన్నారట :-)

చిక్కడపల్లి, నారాయణగూడ చుట్టుపక్కల డబ్బా మొత్తం కాకుండా రీడ్లు విడిగా, చూసి ఎంచుకోనిచ్చే కొట్టు ఎవరికైనా తెలిస్తే వ్యాఖ్యలో రాయండి. ఆన్‌లైన్‌లో డబ్బా తెప్పిస్తే నాకు సగటున పదిలో మూడు పారేయాల్సి వస్తోంది. మే నెలలో రీడ్లు వంకర పోకుండా మీరేం చేస్తున్నారో కూడా చెప్పండి. డబ్బాలో తడి స్పాంజి పెడితే బూజు పట్టింది, పెట్టకపోతే అప్పడం.